అప్పగించిన మాట



"ఫాదర్‌గారూ, నేను చెప్పేది మీరు ఆ పుస్తకంల రాస్తరా?"

ఆదివారం దివ్యపూజ ముగిసి అందరూ వెళ్ళిపోయిన తరువాత, గది గుమ్మం దగ్గరే నిలబడి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. ఆమె చూపు నా బల్లమీది నోట్‌బుక్కు మీద వుంది. ఆ రోజు అందులో వున్నవి దేవాలయానికి వేయించవలసిన సున్నం లెక్కలు మాత్రమే. కాని ఆ సంగతి ఆమెకు ఎలా తెలుస్తుంది? "రాయనమ్మా" అన్నాను. ఆమె తలవూపి, "మళ్ళ వస్త" అని వెళ్ళిపోయింది. ఆ తరువాత చాలాసేపు నాకు మనసు నిలవలేదు. నిజంగా నేను రాయనా? ఎన్నోసార్లు రాశాను గదా! రాయకుండా వుండటమే ఎప్పుడూ మంచిదా? రాస్తే ఎంత రాయాలి, ఎవరికి చూపాలి, నా వల్ల కాని సమస్యను మరొకరి దగ్గరకు పంపినప్పుడు ఆమె మాటలో ఎంత భాగం ఆ కాగితంతోపాటు పోవాలి?

ఇది గురువులకు మాత్రమే సంబంధించిన విషయమని ఈ పేజీ తిప్పవద్దు. మన విచారణల్లో ఇప్పుడు కుటుంబాలకు సలహా చెప్పేవారు చాలామంది వున్నారు. ఇల్లిల్లూ తిరిగే కన్యస్త్రీలు, ఉపదేశులు, హాస్టలు వార్డెన్లు, మన బడుల్లో కౌన్సిలింగు చేసే టీచర్లు, మరియదళం అక్కలు, బీద కుటుంబాల వివరాలు రాసుకునే విన్సెంట్ దె పాల్ సభ్యులు. వీరందరి చేతుల్లోనూ ఎవరో ఒకరి కన్నీళ్ళ కథ ఒక కాగితం రూపంలో వుంది.

ముందుగా పాపసంకీర్తనాన్ని పక్కన పెడతాను. దాని గురించి చర్చించవలసినది లేదు. పాపసంకీర్తనంలో విన్నది బయటపెట్టిన గురువును పదవినుంచి తొలగించి, జీవితాంతం మఠంలో ప్రాయశ్చిత్తం చేయించాలని 1215లోనే నాలుగవ లాటరన్ మహాసభ శాసించింది. నేటి శ్రీసభ చట్టం 983వ నిబంధన ప్రకారం ఆ ముద్ర భంగపరచరానిది. నేరుగా భంగపరచిన గురువు ఆ క్షణమే వెలికి గురి అవుతాడు, ఆ వెలిని తొలగించే అధికారం రోముది. 984వ నిబంధన మరింత దూరం పోతుంది: ఎవరికీ చెప్పకపోయినా సరే, అక్కడ విన్నదానిని ఆ మనిషికి ఇబ్బంది కలిగే విధంగా గురువు వాడుకోరాదు. ప్రాగు నగరంలో పునీత జాన్ నెపోమక్‌ను 1393లో నదిలో పడవేసి చంపారు. రాణిగారి పాపసంకీర్తనం రాజుకు చెప్పనందుకే చంపారని సంప్రదాయం. ఒక మఠాధిపతి నియామకం గురించి వచ్చిన తగాదా అసలు కారణమని చరిత్రకారులు అంటారు. ఏది నిజమైనా, ప్రజలు మాత్రం అటువంటి గురువును కోరుకున్నారు. కాబట్టే ఆ కథ నిలిచింది.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, వరండాలో టీ తాగుతూ చెప్పినది కూడా పాపసంకీర్తనమే అని చాలామంది అనుకుంటారు. అది పాపసంకీర్తనం కాదు. అలాగని అది బజారు ముచ్చట కూడా కాదు. ఈ రెంటికీ నడుమ వున్న దానిని గురించే ఈ పాఠం.

గురువిద్యాలయంలో నీతిశాస్త్రం చెప్పేటప్పుడు రహస్యాలు మూడు రకాలని నేర్పేవారు. పక్కింట్లో మొగుడు పెండ్లాల కొట్లాట గోడ ఇవతలికి వినపడింది. మీరు ఎవరికీ మాట ఇవ్వలేదు, అయినా చాటకూడదు. ఇది సహజ రహస్యం. "ఎవరికీ చెప్పను" అని మాట ఇచ్చిన తరువాత దాచేది రెండవ రకం. మూడవది అప్పగించిన రహస్యం. సహాయం కావలసిన మనిషి, మీరు డాక్టరనో వకీలనో గురువనో సలహాదారు అనో నమ్మి మీ చేతిలో పెట్టిన మాట. అన్నింటికన్నా బరువైనది ఇదే. ఎందుకంటే ఆ మనిషికి వేరే దారి లేక చెప్పింది. చెప్పకపోతే సహాయం దొరకదు.

దీనిని మన పాలమూరు పద్ధతిలో చెబుతాను. పనికోసం బొంబాయికో పూనాకో వలస పోయే కుటుంబం, ఇంటి తాళంచెవి, రెండు వెండి కడియాలు పక్కింటి అవ్వ చేతికి ఇచ్చి పోతుంది. ఆ కడియాలు అవ్వ పెట్టెలోనే వుంటాయి, కాని అవి అవ్వవి కావు. ఆమె వాటిని పెట్టుకోరాదు, కుదువ పెట్టరాదు, ఎంత బాగున్నాయో చూడండని నలుగురికి చూపరాదు. ఒకవేళ ఇల్లు అంటుకుంటే మాత్రం, అడగటానికి యజమాని దగ్గర లేకపోయినా, వాటిని తీసుకొని బయటకు పరుగెత్తవచ్చు. పరుగెత్తాలి కూడా.

మన సత్యోపదేశ గ్రంథం 2491వ అంశం చెప్పేది ఇదే. వృత్తిరీత్యా తెలిసిన రహస్యాన్ని కాపాడాలి. దాచటంవల్ల చెప్పిన మనిషికిగాని, విన్న మనిషికిగాని, మూడవ మనిషికిగాని చాలా తీవ్రమైన కీడు తప్పదని తేలినప్పుడు, బయటపెట్టటం తప్ప ఆ కీడును ఆపే మార్గం లేనప్పుడు మాత్రమే మినహాయింపు. ఆ రెండవ షరతును మనవారు ఎప్పుడూ మరచిపోతారు. కీడు కనిపించగానే నోరు తెరుస్తారు, వేరే మార్గం వుందా అని చూడరు. పునీత తోమాసు అక్వినాసుగారు కూడా ఈ భేదాన్ని స్పష్టంగా చూపారు: పాపసంకీర్తనంలో విన్నది గురువు మనిషిగా విన్నది కాదు గనుక దానిని ఏ పరిస్థితిలోనూ చెప్పకూడదు, మిగతా రహస్యాలలో, సమాజానికో మరొక మనిషికో ఘోరమైన నష్టం రాబోతుంటే మౌనం ధర్మం కాదు.

మత్తయి సువిశేషం మొదటి అధ్యాయంలో జోజప్పగారిని చూడండి. మరియమ్మగారు గర్భవతి అని ఆయనకు తెలిసింది. కారణం ఇంకా తెలియదు. ఆ సంగతి పదిమందిలో పెడితే చట్టం ఆయన పక్షానే వుండేది. కాని ఆయన ఆమెను బజారుకెక్కించ దలచుకోలేదు. సువిశేషకారుడు ఆయనను నీతిమంతుడని పిలిచింది ఆ చోటనే అని గమనించారా? మార్కు సువిశేషంలో చెవిటివానిని ప్రభువు జనంలోనుంచి పక్కకు తీసుకొనిపోయి బాగుచేశాడు. జనం మధ్యనే చేస్తే ఎంతో పేరు వచ్చేది.

ఇక నేను చేసిన తప్పు చెబుతాను.

అభిషేకం పొందిన కొత్తలో, ఒక పల్లె నుంచి ఒక యువతి వచ్చింది. ఇద్దరు చిన్న పిల్లలు. భర్త తాగుతాడు, అనుమానిస్తాడు. చేనుకు తెచ్చిన పురుగుమందు డబ్బా రెండుసార్లు చేతిలోకి తీసుకున్నానని చెప్పింది. నాకు భయం వేసింది. పట్నంలో నాకు పరిచయమున్న ఒక డాక్టరుకు రెండు పేజీల ఉత్తరం రాశాను. అన్నీ రాశాను. భర్త అనుమానం, పెండ్లికి ముందు ఆమెకు వచ్చిన ఒక సంబంధం ఎలా చెడింది, డబ్బా సంగతి, అత్త మాటలు. నా తత్వశాస్త్ర పట్టా అంతా ఆ ఉత్తరంలో కనిపించాలని కూడా కొంత ఆశ వుండి వుంటుంది. కాగితాన్ని మడిచి, అంటించకుండానే, ఆమెను తోడు తీసుకొనిపోవటానికి వచ్చిన మరిది చేతికి ఇచ్చాను. ఆమెకు చదువు రాదు. అతడు పదవ తరగతి చదివాడు.

అతడు బస్సులోనే ఉత్తరం చదివాడు. వారు పట్నం చేరనే లేదు. సగం దారిలో దిగి వెనక్కు వచ్చారు. చీకటి పడేలోగా ఊరంతా తెలిసింది. ఆ కుటుంబం పంచాయితీ పెట్టింది. పెద్దమనుషుల ముందు నా చేతిరాత చదివారు. ఆమె పిల్లలను తీసుకొని తల్లిగారింటికి పోయింది. దేవాలయానికి రావటం మానుకున్నది. కొన్ని నెలల తరువాత వెతుక్కుంటూ వెళ్ళి క్షమాపణ అడిగాను. మంచినీళ్ళు ఇచ్చింది. ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

నేను చెడ్డ ఉద్దేశంతో చేయలేదు. నన్ను నేను ఓదార్చుకోవటానికి ఆ మాట చాలాసార్లు అనుకున్నాను. కాని కడియాలు పోయిన ఇంటికి అవ్వ ఉద్దేశంతో ఏమి పని?

డాక్టరుకు నిజంగా కావలసింది నాలుగు వాక్యాలు. పేరు, వయసు. కొంతకాలంగా నిద్ర లేదు, బ్రతకాలని లేదంటున్నది, పురుగుమందు చేతిలోకి తీసుకున్నానన్నది. దయచేసి ఒంటరిగా మాట్లాడండి, మిగతా సంగతులు ఆమే చెబుతుంది. నా ఫోను నంబరు. అంతే. చెడిన సంబంధం సంగతితో డాక్టరుకు పనిబడితే ఆయన అడుగుతాడు, చెప్పాలో లేదో ఆమె చూసుకుంటుంది. ఇప్పుడు ఎవరినైనా పంపేటప్పుడు, రాసిన చీటీని వారికే చదివి వినిపిస్తాను. "ఇందులో ఏదన్నా తీసేయాల్నా?" అని అడుగుతాను. ఒకరు పేరు తీయమన్నారు. ఒకరు ఊరి పేరు తీయమన్నారు. వారి ముందే అంటిస్తాను, వారి చేతికే ఇస్తాను. తోడు ఎవరు రావాలో వారినే చెప్పమంటాను. మనకు మంచివాడని అనిపించే బంధువు వారికి మంచివాడు కాకపోవచ్చు.

పంపటం గురించి ఇంకొక మాట. "ఎర్రగడ్డకు పంపుతున్నరా ఫాదర్?" అని అడిగేవారు మన ప్రాంతంలో ఇప్పటికీ వున్నారు. హైదరాబాదులోని ఆ మానసిక వైద్యశాల పేరు మన నోళ్ళలో తిట్టుగా మారిపోయింది. అందుచేత చాలామంది సలహాదారులు పంపటానికి జంకుతారు, తమకు రాని వైద్యం తామే చేస్తారు. నిద్ర లేని మనిషికి ఉపవాస ప్రార్థన చెప్పటం, భ్రమలు వినపడే పిల్లవాని మాత్రలు పారవేయించి "విడుదల" ప్రకటించటం, ఇవి విశ్వాసం కాదు, ప్రాణంతో చెలగాటం. ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నల్లగొండ, సూర్యాపేటలలో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలు నడుస్తున్నాయి. వాటి ఆసుపత్రులలో చీటీ రాయించుకొని మానసిక వైద్యుని చూడవచ్చు, పట్నం దాకా పోనవసరం లేదు. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ అనే ప్రభుత్వ సేవకు 14416 నంబరుకు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. పంపిన తరువాత మన పని అయిపోలేదు. వారం తరువాత "పోయివచ్చినవా?" అని అడగాలి. "డాక్టరు ఏమన్నాడు?" అని అడగకూడదు. ఆ రెండవ ప్రశ్నకు జవాబు మనది కాదు.

2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాలను రహస్యంగా వుంచటం అతని హక్కు అని 23వ సెక్షనులో చెబుతున్నది. ప్రాణాపాయం ఆపటానికో ఇతరులకు జరగబోయే హాని ఆపటానికో కొన్ని మినహాయింపులు పెట్టింది. 25వ సెక్షను ప్రకారం తన వైద్య రికార్డును చూసుకునే హక్కు రోగికి వుంది. ఆ సంవత్సరమే ఆగస్టు 24న సుప్రీం కోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. మన శ్రీసభ చట్టం 220వ నిబంధన ఏ మనిషి మంచిపేరునూ అన్యాయంగా చెడగొట్టరాదని, తన ఆంతరంగికాన్ని కాపాడుకునే హక్కును ఉల్లంఘించరాదని అంతకు ముందే, 1983లోనే చెప్పింది. ఈ విషయంలో మనం లోకానికి వెనుకబడి లేము. ఆచరణలో మాత్రం వెనుకబడి వున్నాము.

ఇల్లు అంటుకున్నప్పుడు సంగతి ఏమిటి?

1998లో సుప్రీం కోర్టుకు వచ్చిన ఒక కేసు చాలామందికి గుర్తుండవచ్చు. నాగాలాండుకు చెందిన ఒక డాక్టరు మద్రాసులో బంధువుకు రక్తం ఇవ్వబోగా హెచ్ఐవి వున్నట్టు తేలింది. ఆ సంగతి ఆసుపత్రి నుంచి బయటకు పొక్కింది, కుదిరిన పెండ్లి ఆగిపోయింది, ఆయన సొంత ఊరు విడిచిపెట్టవలసి వచ్చింది. రహస్యం కాపాడలేదని ఆయన నష్టపరిహారం కోరాడు. గోప్యత హక్కే గాని, పెండ్లాడబోయే అమ్మాయి ఆరోగ్యం కూడా హక్కే అని, ఆమెను కాపాడే చోట గోప్యత నిలవదని కోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పులో పెండ్లి చేసుకునే హక్కు గురించి అన్న మాటలు అనవసరమని 2002లో ఆ కోర్టే సవరించుకున్నది.

ఆ తీర్పు చదివినప్పుడు నాకు ఒక వెలితి అనిపించింది. అమ్మాయికి తెలియటం న్యాయమే. ఊరందరికీ తెలియటం ఎక్కడి న్యాయం? 2017లో వచ్చిన హెచ్ఐవి చట్టం ఆ వెలితిని చాలావరకు పూడ్చింది. దాని తొమ్మిదవ సెక్షను ప్రకారం భాగస్వామికి చెప్పగలిగినది వైద్యుడు లేక కౌన్సిలరు మాత్రమే. అదికూడా, ఆ భాగస్వామికి నిజంగా ప్రమాదం వుందని నమ్మినప్పుడు, నీవే చెప్పు అని ఆ మనిషికి సలహా ఇచ్చిన తరువాత, అతడు చెప్పడని తేలిన తరువాత, నేను చెప్పబోతున్నాను అని అతనికి తెలియజేసిన తరువాతనే. చెప్పటం కూడా ఎదురుగా కూర్చొని, ధైర్యం చెప్పి చెప్పాలి. రోగి స్త్రీ అయి, ఆ మాట తెలిస్తే ఆమెను కొడతారని, ఇంటినుంచి వెళ్ళగొడతారని భయం వుంటే చెప్పరాదు. మన ప్రాంతపు స్త్రీల పరిస్థితి తెలిసినవారు ఆ చివరి వాక్యం విలువను గ్రహించగలరు.

ఈ చట్టం గురువుకు ఆ అధికారం ఇవ్వలేదు, నేను వైద్యుడిని కాను. కాని ఆ మెట్లు నాకు పాఠం. పెండ్లి ప్రకటనలకు ముందు ఒక అబ్బాయి వచ్చి, పాపసంకీర్తనం వెలుపల, నాకు ఈ జబ్బు వుందని చెప్పాడనుకోండి. మొదట అతనిని జిల్లా ఆసుపత్రిలోని కౌన్సిలింగు కేంద్రానికి పంపుతాను. క్రమంగా మందులు వాడుతూ, రక్తంలో వైరసు కనిపించనంత తక్కువగా వున్న మనిషి నుంచి సంసారం ద్వారా జబ్బు సోకదని నేడు వైద్యశాస్త్రం చెబుతున్నది; ఆ ఆశ అతనికి ముందు తెలియాలి. తరువాత, "అమ్మాయికి నీవే చెప్పాలి, చెప్పేవరకు ప్రకటనలు ఆపమని నీవే నన్ను అడుగు" అంటాను. దాంపత్యాన్ని తీవ్రంగా దెబ్బతీసే గుణాన్ని మోసంతో దాచి, ఆ మోసంతోనే ఒప్పుదల సంపాదిస్తే ఆ వివాహమే చెల్లదని 1098వ నిబంధన చెబుతున్నదని వివరిస్తాను. వేరే మార్గం ఏదీ మిగలనప్పుడు, అతనికి చెప్పి, అమ్మాయి ఒక్కతెకు తెలిసే ఏర్పాటు చేస్తాను. వాళ్ళ మేనమామకు కాదు, ఉపదేశికి కాదు. అదే మాట పాపసంకీర్తనంలో చెప్పివుంటే అతనిని బ్రతిమాలుకోవటం తప్ప నేను చేయగలిగింది లేదు. అది నాకు నిద్రపట్టని రాత్రి అవుతుంది. అయినా అంతే.

ప్రాణం మీదికి వచ్చినప్పుడు కూడా ఇదే క్రమం. మొదటే చెప్పటం మేలు: "నువ్వు చెప్పేది నా దగ్గరే వుంటది. నీ పాణం పోతదనిపిస్తే మాత్రం ఒక్కరికన్న చెప్త. ఎవరికి చెప్పమంటవు?" ఆ ఒక్కరి పేరు వారే చెబుతారు. తల్లి, ఒక్కోసారి చెల్లెలు, ఒకసారి పక్కింటి ముస్లిం అమ్మ. ఇంట్లోని పురుగుమందు డబ్బాలు ఆ మనిషి చేత తీయించాలి. పోలీసు కేసు అవుతుందని దాచే కుటుంబాలు ఇంకా వున్నాయి. 2017 చట్టం 115వ సెక్షను ప్రకారం అటువంటి ప్రయత్నం చేసిన మనిషిని తీవ్రమైన వత్తిడిలో వున్నవారిగా భావించాలి, శిక్షించరాదు. 2024 జూలై నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309వ సెక్షను నేరమే లేదు. భయపడక ఆసుపత్రికి తీసుకొనిపోండి.

పిల్లల విషయంలో మాత్రం రహస్యమనే మాటే లేదు. పసివారిపై లైంగిక అత్యాచారం జరిగిందని, జరగవచ్చని తెలిసిన ఏ మనిషి అయినా పోలీసులకు తెలియజేయాలని 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షను ఆదేశిస్తున్నది. తెలియజేయకపోతే శిక్ష వుంది. గురువులు, మఠవాసులు మేత్రాణులకు కూడా తెలపాలని 2019లో పోపు ఫ్రాన్సిస్‌గారు శాసించారు. ఇంటి పరువు, సంఘం పరువు, విచారణ పరువు అని పెద్దమనుషులను కూర్చోబెట్టి డబ్బుతో ముగించటం ఆ బిడ్డకు రెండవసారి చేసే ద్రోహం. 1098కి ఫోను చేయండి. చెప్పవలసినవారికి చెప్పిన తరువాత, ఆ బిడ్డ పేరును మాత్రం పెదవి దాటనీయకండి.

ఇంతవరకు చదివినవారికి, అసలు ఏమీ రాయకపోతే గొడవే లేదు గదా అనిపించవచ్చు. నాకూ కొంతకాలం అనిపించింది. దేవరకొండ సంగతి తెలిసిన తరువాత ఆ అభిప్రాయం మార్చుకున్నాను.

1999లోనూ, 2001లోనూ మన నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు లంబాడా తండాల ఆడశిశువుల పేరు పత్రికలకెక్కింది. కరువు, వరకట్నం, వరుసగా ఆడపిల్లలు. పసికందులను దళారులు కొద్దిపాటి డబ్బుకు తీసుకొని హైదరాబాదులోని దత్తత కేంద్రాలకు చేర్చారు. అక్కడి నుంచి కొందరు విదేశాలకు దత్తత వెళ్ళారు. పోలీసు కేసులు అయ్యాయి. ఆరోపణలు ఎదుర్కొన్నవాటిలో క్రైస్తవ పేర్లు పెట్టుకున్న సంస్థలు కూడా వున్నాయి, దాచవలసిన పని లేదు. కన్న తల్లిదండ్రులు నేరుగా బిడ్డను రాసి ఇచ్చే పద్ధతిని 2001లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆపివేసింది. గీతా రామస్వామి, భంగ్యా భూక్యా కలిసి ఈ తండాల మీద చేసిన అధ్యయనం, ఒకప్పుడు ఆడపిల్లకు ఓలి ఇచ్చిన సమాజంలోకి కట్నం ఎలా వచ్చిందో చూపింది.

అక్కడ కాగితాలు లేకపోలేదు. బిడ్డను ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నామనే పత్రాలు, వాటి కింద వేలిముద్రలు. చదువురాని తల్లికి ఆ కాగితం ఎవరు చదివి వినిపించారు? మళ్ళీ ఆలోచించుకో అమ్మా అని ఎవరు అన్నారు? పంపినవానికి పంపినందుకు డబ్బు ముట్టింది. మనిషిని మరొకరి దగ్గరకు పంపటంలో మనకు ఒక్క రూపాయి లాభం వున్నా, అది పంపటం కాదు, అమ్మకం. నాకు కమీషను ఇచ్చే వకీలు దగ్గరకు, మా బంధువు ఆసుపత్రికి పంపేవారు కూడా దీనిని గుర్తుంచుకోవాలి. 2015 నాటి బాలల న్యాయ చట్టం 35వ సెక్షను ప్రకారం ఇప్పుడు బిడ్డను వదులుకోదలచిన తల్లిదండ్రులు బాలల సంక్షేమ కమిటీ ముందుకు రావాలి, వారికి కౌన్సిలింగు జరగాలి, తిరిగి ఆలోచించుకోవటానికి రెండు నెలల గడువు వుంటుంది.

ఆనాడు పోయిన శిశువులు నేడు పాతికేళ్ళు దాటినవారు. నన్ను కన్నది ఎవరు, ఎందుకు ఇచ్చింది, ఇష్టంతో ఇచ్చిందా అని వెతికే హక్కు వారికి వుంది. దానికి జవాబు ఎక్కడ వుంటుంది? నిజం రాసిన ఒక కాగితంలో వుండాలి. అబద్ధం రాసి వుంటే, రాసినది తగలబెట్టి వుంటే, ఆ బిడ్డ జీవితాంతం గోడకు తల కొట్టుకోవలసిందే.

కాబట్టి రాయాలి. ఎవరి మేలు కోసం రాస్తున్నామో తెలిసి రాయాలి. మన శ్రీసభ పుస్తకాలలో ఇందుకు మంచి ఉదాహరణ వుంది. పెండ్లికాని తల్లి బిడ్డకు జ్ఞానస్నానం ఇచ్చినప్పుడు, ఆమె తల్లి అన్న సంగతి బహిరంగంగా తెలిసివుంటేనో, ఆమె తానుగా లిఖితంగానో ఇద్దరు సాక్షుల ముందో కోరితేనో తప్ప ఆమె పేరు రిజిస్టరులో ఎక్కించరాదు. 877వ నిబంధన ఇది. మేత్రాసన కార్యాలయంలో ఒక రహస్య పత్రాల పెట్టె వుండాలి, దాని తాళంచెవి మేత్రాణుల దగ్గర మాత్రమే వుండాలి, అందులోని నైతిక నేరాల కేసుల పత్రాలను దోషి మరణించినా, తీర్పు వచ్చి పదేళ్ళు దాటినా నాశనం చేసి, క్లుప్తమైన సారాంశాన్నీ తీర్పునూ మాత్రం వుంచాలి. ఏది రాయాలి, ఏది రాయకూడదు, ఏది ఎంతకాలం వుంచాలి, మూడింటినీ మన పెద్దలు ఆలోచించారు.

ఇక వాట్సాప్ ప్రార్థన గుంపులకు ఒక మనవి. "ఫలానా అక్క కూతురు అత్తగారింటి నుంచి వచ్చేసింది, ఆ కుటుంబం కొరకు ప్రార్థించండి" అని రెండువందల మందికి పంపటం ప్రార్థన కాదు. దేవునికి ఆ అమ్మాయి పేరు, ఊరు, ఇంటి సంగతి ముందే తెలుసు. ఆయనకోసం కాకపోతే ఆ వివరాలు ఎవరికోసం? పీఠం మీద పెట్టిన ప్రార్థన చీటీలను పైకి చదివే ఉపదేశులూ ఆలోచించగలరు.

గురువులం ఐదారేళ్ళకు ఒక విచారణ నుంచి మరొకదానికి మారుతాము. జ్ఞానస్నానాల, వివాహాల, మరణాల రిజిస్టర్లు తరువాత వచ్చే గురువుకు అప్పగిస్తాము, అవి విచారణవి. కాని బీరువా అడుగున మిగిలిపోయే పాత డైరీలు, ఉత్తరాలు, మడిచిన చీటీలు? ఒక విచారణకు నేను కొత్తగా వెళ్ళినప్పుడు, అంతకు ఎన్నడో అక్కడ పనిచేసిన ఎవరిదో ఒక నోట్‌బుక్కు దొరికింది. మొదటి పేజీలోనే నేను రోజూ పలకరించే ఒక పెద్దాయన ఇంటి సంగతి వుంది. మూసివేశాను. వంటమనిషిని పొయ్యి అడిగి, నేనే కాల్చాను. ఆ పెద్దాయన ముఖం చూడటానికి నాకు వారం పట్టింది.

ఇప్పుడు నా నోట్‌బుక్కులో పేర్లు వుండవు. తేదీ, ఎక్కడికి పంపాను, మళ్ళీ ఎప్పుడు అడగాలి, అంతే. ప్రాణభయం వున్నవారి విషయంలో మరి రెండు వాక్యాలు, ఎందుకంటే మరచిపోతే ప్రమాదం. ఎవరి పేజీని వారు చూడవచ్చు. బదిలీకి ముందు, అవసరం తీరినవారి పేజీలు కాలుస్తాను. ఇంకా సహాయం కావలసినవారిని, "కొత్త ఫాదర్‌గారికి చెప్పమంటారా, మీరే చెప్పుకుంటారా?" అని అడుగుతాను. సగంమంది మీరు చెప్పవద్దంటారు. చెప్పను.

ఆ తల్లి రెండు వారాల తరువాత మళ్ళీ వచ్చింది. "అమ్మా, రాయనని చెప్పిన గని, అవసరమైతే ఒక్క ముక్క రాస్త. నీ పేరు రాయ. రాసింది నీకు సదివి వినిపిస్త. వద్దంటే నీ ముంగటనే చింపేస్త" అన్నాను.

ఆమె కొంచెంసేపు ఆలోచించి, చెప్పులు గుమ్మం బయట విడిచి, లోపలికి వచ్చి కూర్చున్నది.